వంతెన సగం నుంచి మొదలైతే ఎట్ల?

ఫైనల్ ఇయర్‌లోకి వచ్చినంక మన కాలేజీలో ఎవరిని కదిలించినా ఒకటే ప్రశ్న: "ఎటు పోతున్నవ్ రా?" గేట్ రాస్తున్నవా, ప్లేస్‌మెంట్ చూస్తున్నవా అని అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఏ దేశం అనే అడుగుతున్నారు. మా కరీంనగర్ దిక్కు ఒక పాత మాట ఉంది, "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని. వానలు పడకపోతే, సాంచాలు ఆగిపోతే మనిషికి మిగిలే దారులు ఈ మూడేనని దాని అర్థం. మాది గంభీరావుపేట. మా ఊళ్ళోనే కాదు, ఇటు సిరిసిల్లలో, అటు జగిత్యాల, కోరుట్లలో ఏ వాడకట్టుకు పోయినా ఈ మూడింటిలో ఏదో ఒక దారి పట్టినవాళ్ళు లేని ఇల్లు దొరకడం కష్టం. మా తరం వచ్చేసరికి ఆ వరుసలో కెనడా చేరింది. ప్రాస కుదరలేదు గానీ, పోయేవాళ్ళకు ప్రాసతో పని లేదు కదా!

కెనడా పోవాలా వద్దా అనే పంచాయితీ నేను పెట్టదలచుకోలేదు. అది ఎవరి ఇంటి లెక్క వాళ్ళది. నేను మాట్లాడాలనుకుంటున్నది ఒకే ఒక్క కాగితం గురించి. దాని పేరు బ్రిడ్జింగ్ ఓపెన్ వర్క్ పర్మిట్. కన్సల్టెన్సీ సెమినార్లలో దీని పేరు వినపడేది తక్కువ. అక్కడంతా కాలేజీ ఫీజు, పార్ట్‌టైమ్ జీతం, చివర్లో పీఆర్. మధ్యలో ఉండే నిరీక్షణ గురించి ఎవరూ స్లైడ్ పెట్టరు. కానీ అక్కడికి పోయిన మన సీనియర్ల నిద్ర చెడగొడుతున్నది ఆ నిరీక్షణే. నా వాదన సూటిగా చెప్తాను. ఒక మనిషి మాకు కావాలని రాష్ట్రమే ఎంపిక చేసుకున్నాక, ఫైలు తేలేదాకా అతను పని చేసుకునే వీలు ఎంపికైన రోజు నుంచే ఉండాలి. ఇప్పుడున్న వంతెన మంచిదే, కాకపోతే అది ఒడ్డు నుంచి మొదలవదు, వాగు మధ్యలో మొదలవుతుంది. ఈ సంగతి తెలియకుండా మనవాళ్ళు అప్పు పత్రాల మీద సంతకాలు పెడుతున్నారు.

అసలు ఏమిటీ కాగితం?

కెనడాలో పర్మనెంట్ రెసిడెన్స్ ఇచ్చేది కేంద్ర ప్రభుత్వమే. దాని ఇమ్మిగ్రేషన్ శాఖను ఐఆర్‌సీసీ అంటారు. అయితే 1990ల చివర్లో మానిటోబాతో మొదలుపెట్టి, అక్కడి రాష్ట్రాలకు కూడా తమకు కావలసిన మనుషులను ఎంచుకునే అవకాశం ఇచ్చారు. అక్కడ రాష్ట్రాన్ని ప్రావిన్స్ అంటారు కాబట్టి దీనికి ప్రొవిన్షియల్ నామినీ ప్రోగ్రాం అని పేరు. మనవాళ్ళ నోట్లో పీఎన్‌పీ. సొంత పద్ధతి ఉన్న క్యూబెక్, ఉత్తరాన ఉండే నునావుట్ తప్ప మిగతా దేశమంతా ఇది నడుస్తోంది.

ఇందులో రెండు అంచెలున్నాయి. మొదటి అంచెలో ప్రావిన్స్ మన చదువు, ఉద్యోగం, భాష చూసి నామినేషన్ ఇస్తుంది. రెండో అంచెలో ఆ నామినేషన్ పట్టుకుని ఐఆర్‌సీసీకి పీఆర్ దరఖాస్తు పెట్టుకోవాలి. ఇక్కడ మళ్ళీ రెండు దారులు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీతో ముడిపడిన నామినేషన్ అయితే ఒక్కసారిగా 600 పాయింట్లు కలుస్తాయి, ఫైలు కూడా కొంచెం తొందరగా కదులుతుంది. దానితో సంబంధం లేని మామూలు నామినేషన్ అయితే ఏడాది దాటి కూడా పడుతుంది.

ఈలోగా ఏమవుతుంది? మనలో చాలామంది అక్కడ చదువుకుని, చదువు తర్వాత ఇచ్చే పోస్ట్ గ్రాడ్యుయేషన్ వర్క్ పర్మిట్ మీద పని చేస్తుంటారు. ఇది జీవితంలో ఒకేసారి ఇస్తారు. గరిష్ఠంగా 3 ఏళ్ళు. అయిపోతే రెన్యువల్ లేదు. పీఆర్ ఫైలు ఐఆర్‌సీసీ టేబుల్ మీద ఉండగానే ఈ పర్మిట్ గడువు ముగిసిపోతే, మనిషి అక్కడే ఉండి పని చేయలేని పరిస్థితి వస్తుంది. ఈ ఖాళీని పూడ్చడానికి 2012 డిసెంబరులో బ్రిడ్జింగ్ ఓపెన్ వర్క్ పర్మిట్‌ను తెచ్చారు. పర్మిట్ ఫీజు 155 డాలర్లు, ఓపెన్ పర్మిట్ కాబట్టి ఇంకో 100, కలిపి 255 డాలర్లు. ఇది చేతిలో ఉంటే ఫలానా యజమాని దగ్గరే అనే కట్టుబాటు లేకుండా పని చేసుకోవచ్చు. లక్షల్లో ఫీజులు కట్టి పోయినవాళ్ళకు 255 డాలర్లు పెద్ద లెక్క కాదు. అసలు లెక్క దాని షరతుల్లో ఉంది.

"ఓపెన్" అనే మాట విలువ మనకు తెలిసినంత ఎవరికి తెలుసు?

ఈ మాట దగ్గర కాసేపు ఆగుతాను. ఎందుకంటే దీని విలువ టొరంటోలో కూర్చున్న లాయర్ కంటే మా ఊళ్ళో దుబాయి పోయి వచ్చిన కాకలకే బాగా తెలుసు. గల్ఫ్‌లో వీసా మనిషిది కాదు, కఫీల్‌ది. కఫాలా పద్ధతిలో యజమాని ఎవరో వీసా మీదే ఉంటుంది. జీతం ఆపినా, చెప్పిన పని ఒకటి, చేయించేది ఒకటి అయినా మరో చోటికి పోవడానికి లేదు. చెప్పకుండా పోతే పరారీ కేసు. కాగితాలు లేకుండా బతికేవాళ్ళకు అక్కడ "ఖల్లివల్లి" అని పేరు. ఆజాద్ వీసా పేరుతో డబ్బు కట్టి పోయినవాళ్ళకు కూడా తీరా చూస్తే అది ఒకరి పేరు మీద, పని ఇంకొకరి దగ్గర. ఖతర్ 2020లో, సౌదీ 2021లో యజమాని మారే విషయంలో కొన్ని సడలింపులు ఇచ్చాయి. అయినా పర్మిట్‌ను యజమానికి కట్టేసే పద్ధతి మొత్తంగా పోలేదు. 20 ఏళ్ళు అక్కడ ఇటుక మీద ఇటుక పేర్చినా చివరికి తిరుగు టికెట్టే. అక్కడ శాశ్వత నివాసం అనే ఆశ కూలివాడికి లేదు.

అందుకే కెనడా ఓపెన్ పర్మిట్‌ను నేను చిన్నచూపు చూడను. నామినేషన్ వచ్చిన మనిషి తన మేనేజర్ ముందు తలెత్తి మాట్లాడగలగడం, ఓవర్‌టైమ్ డబ్బులు ఎగ్గొడితే "నేను మానేస్తా" అనగలగడం చిన్న విషయం కాదు. మా నాయనల తరానికి ఆ మాట అనే వీలే లేకుండె. పని చేసే మనిషికి కనీస గౌరవం దక్కేది ఆ ఒక్క వీలుతోనే.

కానీ ఇక్కడే మొదటి మెలిక ఉంది. నామినేషన్ లేఖలో ఉద్యోగం మీద ఆంక్ష ఏదీ ఉండకూడదు. ఫలానా యజమాని దగ్గరే పని చేయాలని ప్రావిన్స్ రాసి ఇస్తే ఈ ఓపెన్ పర్మిట్‌కు అర్హత ఉండదు. అప్పుడు ప్రావిన్స్ ఇచ్చే సపోర్ట్ లెటర్‌తో ఆ ఒక్క యజమానికే కట్టుబడిన పర్మిట్ తీసుకోవాలి. ఇంకో సంగతి. యజమాని ఆఫర్ మీద ఆధారపడిన స్ట్రీమ్‌లలో నామినేషన్ వస్తే, ఆ ఉద్యోగం పోతే ప్రావిన్స్ నామినేషన్‌నే వెనక్కి తీసుకోవచ్చు. అంటే చేతిలో ఓపెన్ పర్మిట్ ఉన్నా నోరు మాత్రం ఓపెన్ కాదు. దుబాయి కఫీల్‌తో ఇది సమానమని నేను అనను, అంత పోలిక అన్యాయం. కానీ పీఆర్ వచ్చేదాకా మేనేజర్ ఏమన్నా నవ్వుతూ తలూపే మనిషి పరిస్థితి ఎట్లుంటదో మా జిల్లా వాళ్ళకు వివరించాల్సిన అవసరం లేదు.

వాగు మధ్యలో మొదలయ్యే వంతెన

రెండో మెలిక ఇంకా పెద్దది. నామినేషన్ రాగానే బ్రిడ్జింగ్ పర్మిట్‌కు దరఖాస్తు పెట్టలేం. ముందు పీఆర్ దరఖాస్తు వేయాలి. అది పూర్తిగా ఉందా, ఏదైనా కాగితం తక్కువైందా అని ఐఆర్‌సీసీ చూడాలి. చూసి, మీ దరఖాస్తు అందింది, నంబర్ ఇదీ అని లేఖ పంపాలి. ఆ లేఖ వచ్చాకే వంతెన మొదలు. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ దారిలో ఈ లేఖ త్వరగానే వస్తుంది. మామూలు నామినేషన్ దారిలో దీనికే నెలలు పడతాయి. ఒక్క కాగితం తక్కువైనా ఫైలు మొత్తం తిరిగి వస్తుంది, మళ్ళీ మొదటి నుంచి క్యూ.

మనం ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి ఒక లెక్క వేద్దాం. ఇది కేవలం నా అంచనా, ఎవరి కేసూ కాదు. 2 ఏళ్ళ కోర్సు పూర్తి చేసి 36 నెలల పర్మిట్ తెచ్చుకున్న అబ్బాయి ఒకడు. చదువుకు తగ్గ ఉద్యోగం దొరకడానికి 8 నెలలు పట్టిందనుకుందాం. ఈ మధ్యలో గోడౌన్‌లోనో, పెట్రోల్ బంకులోనో చేసిన పని చాలా స్ట్రీమ్‌లలో నైపుణ్యం ఉన్న పనిగా లెక్కకు రాదు. అనుభవం కోసం 12 నెలలు. అక్కడికి 20. ప్రావిన్స్ పిలుపు కోసం 5 నెలలు, నామినేషన్ నిర్ణయానికి ఇంకో 5. అక్కడికి 30. పోలీస్ సర్టిఫికెట్లు, మెడికల్, ఇతర కాగితాలు కూర్చుకుని దరఖాస్తు వేయడానికి 2 నెలలు. 32. ఇక అందిందనే లేఖ 4 నెలల్లో వస్తే సరిగ్గా 36వ నెలలో ఒడ్డు దొరికినట్టు. 5వ నెలలో వస్తే? ఆ ఒక్క నెల తేడాతో మనిషి పని మానేయాల్సి రావచ్చు.

మన డిజైన్ క్లాసుల్లో ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ లేకుండా ఒక దూలం గీసినా సార్ మార్కులు కోస్తారు. ఒక మనిషి జీవితాన్ని పట్టుకుని నిలబడే ఈ 36 నెలల లెక్కలో సేఫ్టీ సున్నా. పైగా నేను వేసిన లెక్కలో ఎవరికీ జ్వరం రాలేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు.

గడువు లోపలే ఏదో ఒక పర్మిట్‌కు సరైన దరఖాస్తు పెట్టుకుంటే, నిర్ణయం వచ్చేదాకా పాత షరతుల మీదే పని చేసుకోవచ్చు. దాన్ని మెయిన్‌టెయిన్డ్ స్టేటస్ అంటారు. ఇది మంచి రక్షణే. గడువు దాటిపోతే మాత్రం 90 రోజుల్లోపు స్టేటస్ పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టుకోవచ్చు గానీ, అది తేలేదాకా పని చేయకూడదు. ఇక మెయిన్‌టెయిన్డ్ స్టేటస్‌లో ఉండి దేశం దాటితే, తిరిగి వచ్చాక కొత్త పర్మిట్ చేతికి వచ్చేదాకా పని చేసే వీలు ఉండదు. అసలు తిరిగి రావడానికే చెల్లే వీసా ఉండాలి.

ఈ చివరి వాక్యాన్ని రూల్ బుక్కులో చదివితే ఏమీ అనిపించదు. మా చిన్నమ్మ కొడుకు నామినేషన్ వచ్చి, పీఆర్ కోసం చూస్తున్న రోజుల్లో మా తాత పోయిండు. చిన్నప్పుడు వాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని మానేరు ఒడ్డున తిప్పిన తాత. ఫోన్‌లో "వస్త, వస్త" అన్నోడు, లాయర్‌తో మాట్లాడినంక "రాలేను" అన్నడు. దినాలనాడు వీడియో కాల్‌లో పిండం చూసుకుంట కూసున్నడు. మా చిన్నమ్మకు పర్మిట్ అంటే ఏమిటో, స్టేటస్ అంటే ఏమిటో తెలియదు. "కొడుకు జైల్ల పడ్డడా ఏంది, రానిస్తలేరు?" అని అడిగింది. ఆమెకు ఏం చెప్పాలో మాలో ఎవరికీ తెలియలేదు.

2024 తర్వాత వాగు పొంగింది

ఇదంతా మంచి రోజుల్లో ఉన్న పరిస్థితి. 2024 నుంచి రోజులు మారాయి. ఆ ఏడాది జనవరిలో కెనడా విదేశీ విద్యార్థుల సంఖ్యకు పరిమితి పెట్టింది. నవంబరు నుంచి చదువు తర్వాతి పర్మిట్‌కు భాషా పరీక్ష, కొన్ని కోర్సులకు సబ్జెక్టు షరతు వచ్చాయి. పీఆర్ లక్ష్యం 2024లో 4,85,000 ఉంటే 2025కు 3,95,000కు తగ్గించారు. అందులో ప్రావిన్సుల వాటా 1,10,000 నుంచి ఒక్కసారిగా 55,000కు పడిపోయింది. సగం! 2026కు దాన్ని మళ్ళీ 91,500కు పెంచారు. ఒక ఏడాది సగానికి కోసి, మరుసటి ఏడాది పెంచితే, మధ్యలో పర్మిట్ గడువు అయిపోయిన వాళ్ళ సంగతేమిటి? ప్రభుత్వాలు లక్ష్యాలను ఏడాదికోసారి మార్చుకోగలవు. 36 నెలల పర్మిట్ మీద బతికే మనిషి తన వయసును, అప్పును, అనుభవాన్ని ఏడాదికోసారి మార్చుకోలేడు.

2024 మే నెలలో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ అనే చిన్న ప్రావిన్స్ రాజధాని షార్లెట్‌టౌన్‌లో మన దేశపు యువకులు రోడ్డెక్కారు. నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ ఏడాది ఆ ప్రావిన్స్ నామినేషన్లు తగ్గించి, ఆరోగ్యం, నిర్మాణం వంటి రంగాలకు ప్రాధాన్యం ఇచ్చింది. దుకాణాల్లో, హోటళ్ళలో పని చేస్తూ నామినేషన్ కోసం చూస్తున్నవాళ్ళు వెనకబడిపోయారు. వాళ్ళు అడిగింది ఒకటే: మేం వచ్చినప్పుడు ఉన్న రూల్ మాకు వర్తించనివ్వండి, మా పర్మిట్లు పొడిగించండి. వాళ్ళకు నామినేషనే రాలేదు కాబట్టి బ్రిడ్జింగ్ పర్మిట్ మాటే లేదు. వంతెన దాకా చేరకుండానే నీళ్ళు చుట్టుముట్టాయి.

2025 ఆగస్టు చివర్లో మా మండలంలోనే నర్మాల దగ్గర ఇట్లాంటిదే కళ్ళ ముందు జరిగింది. అప్పటికప్పుడు పొంగిన మానేరులో, పొలం పనికి పోయిన రైతులు అవతల చిక్కుకుపోయారు. ఎయిర్ ఫోర్స్ హెలికాప్టర్ వచ్చేదాకా బయటపడలేదు. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు. రోజూ పోయే దారిలోనే పోయారు. వాళ్ళు అవతల ఉండగా నీటిమట్టం మారింది. షార్లెట్‌టౌన్‌లో కూర్చున్న పిల్లల గురించి "రూల్స్ తెలుసుకోకుండా పోయారు" అని సోషల్ మీడియాలో ఎగతాళి చేసినవాళ్ళకు నేను చెప్పేది ఇదే.

"వాళ్ళ దేశం, వాళ్ళిష్టం" అనేవాళ్ళకు

మన హాస్టల్ చర్చల్లో దీనికి వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. "అరేయ్, టెంపరరీ పర్మిట్ అని రాసి ఉన్నదానికి సంతకం పెట్టి పోయి, పర్మనెంట్ హక్కు అడుగుడేంది?" అని. ఇందులో సగం నిజముంది. పీఆర్ ఎవరికి ఇవ్వాలో ఆ దేశం ఇష్టం. అద్దెలు పెరిగాయని, ఆసుపత్రులు సరిపోవడం లేదని అక్కడి జనం అంటే అది కూడా వినదగిన మాటే. తాత్కాలికంగా ఉండేవాళ్ళను జనాభాలో 5 శాతానికి తగ్గిస్తామని అక్కడి ప్రభుత్వం 2024లోనే చెప్పింది. తగ్గించుకోవచ్చు. కొత్తగా వచ్చేవాళ్ళ సంఖ్య అదుపు చేయడం తప్పు కాదు.

కానీ బ్రిడ్జింగ్ పర్మిట్ ఒక్క కొత్త మనిషిని కూడా దేశంలోకి తీసుకురాదు. అది ఇచ్చేది ఇప్పటికే అక్కడ ఉంటూ, పన్ను కడుతూ, ఒక ప్రావిన్స్ పరీక్షించి ఎంపిక చేసుకున్న మనిషికి. నామినేషన్ ఇవ్వడమంటే, ఈ పనికి మాకు మనుషులు దొరకడం లేదు, ఈ మనిషి కావాలి అని ప్రభుత్వమే రాసి ఇవ్వడం. అట్లా రాసి ఇచ్చి, కాగితం ఆలస్యమైందని అదే మనిషిని అదే పని ఆపమనడంలో తర్కం ఎక్కడుంది? ఆగిన పనితో ఆ ఊళ్ళో అద్దె తగ్గదు, ఆసుపత్రిలో క్యూ తగ్గదు. జీతం మాత్రం ఆగుతుంది. ఆ జీతం మీద ఇక్కడ సిరిసిల్లలో కట్టాల్సిన ఈఎంఐ ఆగదు.

అందుకే నా దృష్టిలో సరైన పద్ధతి చిన్న మార్పుతో వస్తుంది. నామినేషన్ లేఖ చేతికి వచ్చిన రోజు నుంచే ఈ పర్మిట్‌కు అర్హత ఇవ్వాలి. పీఆర్ దరఖాస్తు గడువులోపు వేయకపోతే, వేసింది చెల్లకపోతే పర్మిట్ రద్దు చేసుకోవచ్చు. అప్పుడు ఆలస్యం ఎవరిదైతే భారం వాళ్ళ మీదే ఉంటుంది. ఇప్పుడు ఆఫీసు ఆలస్యానికి మూల్యం దరఖాస్తుదారు కడుతున్నాడు. అట్లే ఇంట్లో చావు వంటి కారణంతో కొద్ది రోజులు దేశం దాటినవాడికి తిరిగి రాగానే పనిలో చేరే వీలుండాలి. ఇవేమీ కోటా పెంచమనే కోరికలు కావు.

అమెరికా ముచ్చట కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే మన క్లాసులో సగం మంది ఆ దారిలోనే ఉన్నారు. అక్కడ గ్రీన్ కార్డు ఏడాది కోటాలో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి వాటా లేకుండా పరిమితి ఉంది. భారతీయుల క్యూ దశాబ్దాల దాకా పోయింది దీనివల్లనే. గ్రీన్ కార్డు చివరి దరఖాస్తు, అంటే ఐ-485 వేసినవాళ్ళకు అక్కడా పని పర్మిట్ దొరుకుతుంది. కానీ అది వేయడానికే మన వంతు రావాలి. ఆ వంతు వచ్చేదాకా 2000 సంవత్సరం చట్టం పుణ్యాన హెచ్1బీ 6 ఏళ్ళు దాటినా పొడిగించుకోవచ్చు, కాకపోతే యజమాని సంతకంతోనే. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల గడువు. అక్కడ కూడా వంతెన ఉంది. అది ఇంకా దూరంలో, ఇంకా లోతైన నీళ్ళలో మొదలవుతుంది. దీనితో పోలిస్తే కెనడా పద్ధతి ఎంతో మేలు. మేలైనది ఉంది కాబట్టే దాన్ని ఇంకొంచెం ఇవతలికి జరపమని అడగడంలో అర్థముంది.

మరి మనమేం చేయాలి?

ఐఆర్‌సీసీకి మన ఈ-మ్యాగజైన్ చదివే తీరిక ఉండదని నాకు తెలుసు. కాబట్టి మిగతాది మన గురించి. పోదామనుకుంటున్నవాళ్ళు కన్సల్టెన్సీ మెట్లు ఎక్కినప్పుడు "ఖర్చెంత" అని అడిగే ముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. ఈ కోర్సుకు చదువు తర్వాతి పర్మిట్ వస్తుందా, ఎన్ని నెలలకు? ఈ చదువుతో వచ్చే ఉద్యోగం ఏ ప్రావిన్స్ ఏ స్ట్రీమ్‌లో పనికొస్తుంది? ఆ నామినేషన్ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీదా, మామూలుదా? యజమానికి కట్టుబడి ఉంటుందా? పర్మిట్ గడువు ముగిసేలోపు పీఆర్ దరఖాస్తు అందిన లేఖ రాకపోతే రెండో దారి ఏమిటి? ఈ చివరి ప్రశ్నకు "అవన్నీ అయిపోతయ్ తమ్మీ, టెన్షన్ పడకు" అని జవాబొస్తే చెప్పులు వేసుకుని బయటికి రావడం మంచిది.

ఇంకో రెండు సంగతులు. కెనడా చట్టం ప్రకారం డబ్బు తీసుకుని ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే అక్కడి లైసెన్స్ ఉన్న కన్సల్టెంటో, లాయరో అయి ఉండాలి. లైసెన్స్ ఉందో లేదో ఆన్‌లైన్‌లోనే చూసుకోవచ్చు. కాలేజీ అడ్మిషన్ ఇప్పించే ఏజెంట్‌కు పీఆర్ గురించి ఫీజు తీసుకుని సలహా చెప్పే అర్హత దానంతట అది రాదు. రెండోది పాస్‌పోర్ట్. వర్క్ పర్మిట్‌ను పాస్‌పోర్ట్ గడువు దాటి ఇవ్వరు. 2 ఏళ్ళు రావలసిన బ్రిడ్జింగ్ పర్మిట్, పాస్‌పోర్ట్‌లో 7 నెలలే మిగిలితే 7 నెలలకే వస్తుంది. పోయే ముందే రెన్యువల్ చేయించుకుంటే తప్పే తిప్పలు ఇవి.

మన ప్రభుత్వం పని కూడా ఉంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో 5 లక్షల సాయం ప్రకటించింది. ఎన్నో ఏళ్ళ పోరాటం తర్వాత వచ్చిన మంచి పని అది. గల్ఫ్‌కు మనుషులను పంపే ఏజెంట్లు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టర్ కావాలి. విద్యార్థులను పంపే కన్సల్టెన్సీలు ఆ చట్టం కిందికి రావు. దుబాయి ఏజెంట్ మోసం చేస్తే కేసు పెట్టడానికి ఒక దారుంది. "గ్యారంటీ పీఆర్" అని ఫ్లెక్సీ కట్టినవాడిని నిలదీయడానికి అంత సూటి దారి లేదు. విదేశీ చదువుకు ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు 20 లక్షల దాకా ఓవర్సీస్ విద్యానిధి ఇస్తున్న ప్రభుత్వమే, ఆ డబ్బుతో పోయే పిల్లలకు ఈ పర్మిట్ల లెక్క చెప్పే ఒక్కరోజు క్లాసు పెట్టలేదా? మా గంభీరావుపేటలో 2023లో కేజీ టు పీజీ క్యాంపస్ మొదలైంది. అంగన్‌వాడీ నుంచి పెద్ద చదువుల దాకా ఒకే చోట అన్నారు. అట్లాంటి చోట్ల ఈ క్లాసు మొదలుపెడితే ఇంకా బాగుంటుంది. అక్కడ చదివే పిల్లల తండ్రుల్లో చాలామంది ఇప్పుడు కూడా గల్ఫ్‌లోనే ఉన్నారు.

మన కాలేజీ స్థాయిలో అయ్యే పని ఒకటుంది. మన సీనియర్లు చాలామంది కెనడాలో ఉన్నారు. వాళ్ళు ఇన్‌స్టాలో పెట్టేది నయాగరా, మంచు, కొత్త కారు. లిటరరీ క్లబ్ తరఫున వాళ్ళను ఒక్కటే అడుగుదాం: మీ పర్మిట్ ఎప్పుడు మొదలైంది, నామినేషన్ ఎప్పుడు వచ్చింది, లేఖ ఎన్ని నెలలకు వచ్చింది, మధ్యలో ఎన్ని రోజులు పని లేకుండా ఉన్నారు? పేర్లు వద్దు, తేదీలు చాలు. ఓ ముప్పై మంది రాసినా, ఏ సెమినార్‌లోనూ దొరకని పట్టిక మన జూనియర్ల చేతిలో ఉంటుంది. ఆ ఫారం తయారు చేసే పని నేను తీసుకుంటాను. సీనియర్ల నంబర్లు ఉన్నవాళ్ళు క్లబ్ గ్రూపులో చెప్పండి.